చిటికెన వేలంత సిపాయి

మా కాక పోయిన సంగతి నాకు దెగ్లూర్ నుంచి వచ్చే బస్సులో తెలిసింది. శనివారం, ఒంటిపూట బడి. పాఠాలు చెప్పిన అలసటకు కిటికీ పక్క సీట్లో కునుకు పడుతుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది.

"మీ కాక కుర్చీలనే పండుకున్నడు బిడ్డా. పిలుస్తె పల్కుతలేడు. నువ్వు రా" అంది. గొంతులో ఏడుపు లేదు. పక్కగదిలోంచి మాట్లాడినంత నెమ్మదిగా చెప్పింది.

నేను నాందేడ్ చేరేసరికి డాక్టరు వచ్చి, చూసి, వెళ్లిపోయాడట. ముందుగదిలో డైనింగ్ టేబుల్ గోడవారకు జరిపి, కాకను చాప మీద పడుకోబెట్టారు. బోర్లించిన పుస్తకంలా రెండు చేతులూ గుండెల మీద ఉన్నాయి. గోర్ల సందుల్లో అంటిన నీలి పెయింటు ఇంకా పోలేదు.

కాక మా నాన్నకు తమ్ముడు. మోజణీ ఆఫీసులో, అంటే పొలాలు కొలిచి నక్షలు గీసే సర్కారు ఆఫీసులో, పనిచేసి రిటైరయ్యాడు. ముఖేడ్ తాలూకాలో, ధర్మాబాద్ పక్క ఊళ్లలో ఆయన కొలత గొలుసు పడని గట్టు తక్కువ. మూడో రోజు పలకరింపుకు వచ్చిన ఒక ముసలి రైతు చెప్పులు బయట విడిచి, చిన్నమ్మ ఎదురుగా కూర్చుని, ఒకే మాట అన్నాడు. "సాహేబాంనీ ఆఖ్‌లేలా బాంధ్ అజూన్ తిథేచ్ ఆహే." సారు గీసిన గట్టు ఇప్పటికీ అక్కడే ఉంది, అని. అంతకంటే పెద్ద మాట ఆయన ఉద్యోగం గురించి నేను చెప్పలేను. నేను చెప్పదలచుకున్నది ఆయన సిపాయిల గురించి.

దీపావళికి మా నాందేడ్‌లో పిల్లలు వాకిళ్లలో మట్టితో కిల్లాలు కడతారు. బజారు నుంచి తెచ్చిన మట్టి సిపాయిలను బురుజుల మీద నిలబెడతారు. రిటైరైన ఏడాది కాక మా వీధి కిల్లా ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

"గీ సిపాయి దర్వాజ కంటె పెద్దగున్నడు. ఇంట్లకెట్ల పోతడు?" అన్నాడు.

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, "కొలత ప్రకారం సిపాయిలు చేసేటోళ్లు ఎవరన్న ఉన్నరేమో ఫోన్ల సూడు బిడ్డా" అన్నాడు. అట్లా వెతకబోతే మా ఇద్దరికీ ఒక లోకం కనపడింది. పెద్దవాళ్లు బల్లల మీద కొండలు, వాగులు పరిచి, బొమ్మల ఫౌజులు నిలబెట్టి, స్కేలుతో దూరం కొలిచి, పాచికలు వేసి యుద్ధాలు ఆడుకుంటారని. కాక చెప్పులు విప్పడం కూడా మరిచి గుమ్మంలోనే నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఆటకు మొదట తేల్చుకోవలసింది బొమ్మ ఎత్తు. ఒకసారి ఒక సైజు మొదలుపెడితే గుర్రం, గుడిసె, చెట్టు, వంతెన అన్నీ దానికి సరిపడాలి. కలిపామా, మళ్లీ దర్వాజలో పట్టని సిపాయే. నమూనాకు మూడు తెప్పించాం. ఒకటి బొటనవేలి పై గణుపంత. ఒకటి చింతగింజంత. ఒకటి బియ్యపు గింజ పొడుగు. మూడింటినీ కిటికీ దిమ్మె మీద నిలబెట్టి కాక నెలరోజులు చూశాడు. టీ తాగుతూ చూసేవాడు. గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి, పొలంలో దూరపు జెండాకర్రను చూసినట్టు చూసేవాడు.

"ఏది తీసుకుందాం కాకా?" అని నేను తొందరపెడితే, "ఎంత దూరంకెళ్లి చూస్తవో ముందు అది చెప్పు. ఎంత పెద్దది కావాల్నో అప్పుడు నేను చెప్త" అనేవాడు. చివరికి బియ్యపు గింజనే తీసుకున్నాడు. "పెద్దదయితె మనిషి కనపడ్తడు. నాకు మైదానం కావాలె."

అప్పటినుంచి రెండేళ్లు చిన్నమ్మ డైనింగ్ టేబుల్ ఆమెది కాకుండా పోయింది. దాని మీద ఆకుపచ్చ దుప్పటి, దుప్పటి కింద పాత రిజిస్టర్లు. అవే కొండలు. నా పాత నీలం చున్నీ గోదావరి అయింది. ఆదివారాలు నేను వెళ్లి రంగులు వేసేదాన్ని. ఎర్ర ఫౌజు ఒకటి, నీలి ఫౌజు ఒకటి. ఏ రాజులో, ఏ కాలమో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక్కో బొమ్మ యాభైమందికి లెక్క. మధ్యాహ్నాలు పరదా సందులోంచి ఎండ ఆ దుప్పటి మీద మెల్లగా నడుస్తుంటే, కొండల నీడలు కదిలి, చున్నీ మీద మెరుపు పాకి, ఎంతో ఎత్తు మీద కూర్చుని ఎవరిదో దేశాన్ని చూస్తున్నట్టుండేది. కుంచె చేతిలో ఎండిపోయేది.

"అన్నం ఏడ తినాలె? మీ ఫౌజు మీద పెట్టుకొని తినాల్నా?" అని చిన్నమ్మ వంటింట్లోంచి అనేది. ముగ్గురం కింద కూర్చుని తినేవాళ్లం.

తరువాత చిన్నమ్మ చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోందని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్ జరిగింది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి మంచు పట్టినట్టు మసక మిగిలింది. పొయ్యి దగ్గర రెండుసార్లు చెయ్యి కాలాక ఆమె వంటింట్లోకి వెళ్లడం మానేసింది. తరువాత వాకిట్లోకి రావడం మానేసింది. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఆమె గొంతు వినపడకపోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. టేబుల్ గురించి కూడా ఏమీ అనేది కాదు.

ఒక ఆదివారం కాక ఆమెను చెయ్యి పట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. "నీలి ఫౌజు నీది. ఆడుదాం రా" అన్నాడు.

చిన్నమ్మ వంగి చూసింది. వేలు పెట్టింది. పది బొమ్మలు ఒరిగిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకు చీమల్లెక్క గూడ కనపడ్తలెవ్వు" అంది. "నువ్వు ఆడుకో."

ఆమె లేచి వెళ్లిపోయాక కాక ఒరిగిన బొమ్మలను నిలబెట్టలేదు. ఒక్కొక్కటే తీసి మిఠాయి డబ్బాలో దూది మీద పేర్చడం మొదలుపెట్టాడు. రెండేళ్ల పని. ఇంకా రంగు వేయాల్సినవి గుప్పెడే మిగిలాయి.

"ఏంది కాకా, తీసేస్తున్నవ్?"

"కొలత తప్పయింది బిడ్డా. నేనెంత దూరంకెళ్లి చూస్తనో గదే లెక్క పెట్టిన. ఆట ఇద్దరిది." డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చాడు. "నీ కండ్లు మంచిగున్నయి. ఇవి నువ్వు పెట్టుకో."

ఈసారి తెప్పించినవి చిటికెన వేలంత సిపాయిలు. అంత పెద్దవాటికి టేబుల్ మీద మైదానం పట్టదు, కొండ పట్టదు. ఒక వంతెన, దానికిరువైపులా పన్నెండేసి మంది, అంతే. చిన్నమ్మ మొదటి సిపాయిని అరచేతిలో పెట్టుకుని వేళ్లతో తడిమింది. టోపీ, ముక్కు, భుజానికి వేలాడే డోలు.

"ఎంతమందికి లెక్క వీడు?"

"ఇప్పుడు ఒక్కడంటె ఒక్కడే."

"అయితె పేరు పెట్టాలె" అంది చిన్నమ్మ. అన్ని నెలల్లో ఆమె తనంతట తాను ఒకటి కావాలన్నది అదే మొదటిసారి.

స్కేలు మీద గీతలు ఆమెకు కనపడవు. అందుకని కాక జీవితంలో ఎన్నడూ ఒప్పుకోని పని చేశాడు. చేతి కొలత ఒప్పుకున్నాడు. సిపాయి అడుగు బెత్తెడు, గుర్రం అడుగు జానెడు. కానీ ఆయన జాన పెద్దది, ఆమెది చిన్నది. రెండు కొలతలతో ఆట ఎట్లా సాగుతుంది? "నీ చెయ్యి ఇటియ్యి" అని అడిగేవాడు. ఆమె టేబుల్ మీదుగా చెయ్యి చాపేది. ఆయన ఆ చేతిని తన సిపాయి పక్కన పరిచి, చిటికెన వేలి కొస దగ్గర గుర్తు పెట్టుకుని, తన ఎర్ర ఫౌజును ఆమె జానతోనే నడిపేవాడు. నలభై ఏళ్ల కాపురంలో మా ముందు ఒకరి చెయ్యి ఒకరు తాకిన మనుషులు కాదు వాళ్లు. ఆ మధ్యాహ్నాలు నేను ఒక మూల కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటూ, చెవులు మాత్రం అటే పెట్టేదాన్ని.

"వీడు సచ్చిపోయిండా?" అని అడిగేది చిన్నమ్మ, పాచిక తిరగబడ్డప్పుడు.

"లే. అలిసిండు. పక్కకు కూసుంటడు జెర."

ఆమె బాగా ఆడేది. గుర్రం అడుగు వచ్చినప్పుడు వేళ్లు మరీ సాగదీసేది కూడా. కాకకు తెలుసు. ఒక్కసారీ అనలేదు. మొన్న మొన్నటిదాకా దాదాపు ప్రతి ఆటా ఆమే నెగ్గేది. వంటింట్లోకి కూడా మెల్లగా తిరిగి వచ్చింది. ఉల్లిగడ్డ తరుగుతూ కూడా వంతెన గురించే మాట్లాడేది.

ఆ శనివారం కూడా ఆట నడుస్తోందట. ఆయన వంతు వచ్చిందని చెయ్యి చాపి, పట్టుకునేవాళ్లు లేక, అట్లాగే కాసేపు ఉంచిందట చిన్నమ్మ. ఆలోచిస్తున్నాడనుకుందట. ఈ మాట ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, మళ్లీ చెప్పలేదు.

టేబుల్ జరిపే తొందరలో ఎవరో సిపాయిలన్నిటినీ ఒక చాటలోకి ఊడ్చి అటక మీద పెట్టారు. పదో రోజు అయిపోయి చుట్టాలు వెళ్లాక, చిన్నమ్మ అడిగితే నేనే దించి ఇచ్చాను. మర్నాడు బడికి బయలుదేరుతూ, చూసి వెళదామని పొద్దున్నే అటు వెళ్లాను. తూర్పు వాకిలి. చిన్నమ్మ గడప లోపల కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఒక్కొక్కరినీ తడిమి, పేరు పిలిచి, గడప మీద నిలబెడుతోంది. ఎర్రవాళ్లు, నీలివాళ్లు కలిసిపోయారు. అప్పుడే పొడిచిన ఎండకు వాళ్ల నీడలు ఆమె మీదుగా గదిలోకి, నిలువెత్తు మనుషులంత పొడుగ్గా పడుకున్నాయి. నా నీడ అడ్డం పడుతోందని నేను పక్కకు జరిగాను.