సువార్తమ్మ టీచరు గొడుగు

ఆత్మకూరులో మా వీధికి స్పీడు బ్రేకరు మంజూరైంది. ఎక్కడ వేయమంటారని ఇంజినీరు వచ్చి అడిగితే, "ఆ చివర వెయ్యి నాయనా, ఈ చివర మాకు టీచరమ్మ ఉండాది" అన్నారందరూ.

అబద్ధం కాదు. రిటైరైనప్పటి నుంచి సువార్తమ్మ టీచరు సాయంత్రమైతే గేటు ముందు కుర్చీ వేసుకుని, నల్ల గొడుగుతో కూర్చుంటుంది. బండి జోరుగా వచ్చిందా, గొడుగు అడ్డం పెట్టి ఆపుతుంది. తిట్టదు. "ఎవురి బిడ్డవిరా? మీ అవ్వ బాగుండాదా? ఆదివారం చర్చిలో కనబడలేదేంది?" అని మొదలుపెడుతుంది. హిందువుల పిల్లల్ని కూడా చర్చి సంగతి అడగకుండా వదలదు. ఆ విచారణకు జడిసి అందరూ మలుపులోనే నెమ్మదిస్తారు.

మొన్న ఆమె కలువాయిలో చెల్లెలింటికి పోతే వీధివాళ్లకు దిగులు పట్టుకుంది. ఆమె కుర్చీని గేటు ముందే వేసి, వదిలిపోయిన గొడుగును విప్పి దానికి కట్టారు.

తిరిగొచ్చిన రోజు టీచరమ్మ బస్టాండులో ఆటో ఎక్కింది. ప్రార్థన కూటానికి వేళ మించిపోతోందని దారంతా డ్రైవరును తరిమింది. "గట్టిగా తోలు నాయనా! ఎద్దులబండి మాదిరి ఏందది?"

ఆ డ్రైవరు వింజమూరు నుంచి కొత్తగా వచ్చినవాడు. మలుపు తిరగ్గానే ఆటోను నడక వేగానికి తెచ్చాడు. "గమ్మునుండమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ గొడుగు కింద టీచరమ్మ ఉండాది. పట్టుకునిందంటే మనిద్దర్నీ వదలదు."

సువార్తమ్మ గొడుగు వైపు చూసింది. పైట సర్దుకుని, గమ్మున కూర్చుంది.