చెల్లి తాంబూలాల్లో నా బఫే

ముందే చెప్తున్నాను, ఎవరైనా నవ్వితే మాత్రం టీ వదిలేసి లేచి వెళ్ళిపోతాను. మొన్న ఆదివారం మా చెల్లి తాంబూలాలయ్యాయి కదా. బల్లల నిండా వంటకాలు పెట్టుకుని, మగపెళ్ళివారిని ఆకలి కడుపులతో వ్యాను ఎక్కించెయ్యబోయిన మహానుభావుడు ఎవరో తెలుసా? నేనే!

అసలు గొడవంతా బఫేతో మొదలైంది. కిందటి నెల కాకినాడలో ఒక ఫంక్షన్‌కి వెళ్ళేను. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, కింద చిన్న మంట పెట్టిన స్టీలు గిన్నెలు, ప్లేటు పట్టుకుని తిరుగుతూ తినే జనం. మతిపోయిందనుకోండి! అమలాపురంలో మా వీధిలో ఇంకా ఎవరూ చెయ్యలేదు. ఫ్యాన్సీ షాపు నడిపేవాణ్ణి, నేను చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు?

కొత్తపేటలో మా బాబాయిగారున్నారు. నాన్నగారు పోయేక మాకు ఆయనే పెద్ద. ఆయనకీ నాకూ ఏ విషయంలోనూ పడదు. బఫే అనగానే "అది కాదురా అబ్బాయ్..." అని మొదలెట్టేరు. ఆ 'అది కాదురా' వింటే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. "బాబాయ్, మీరింకా బంతిభోజనాల దగ్గరే ఉండిపోయేరు. కాలం మారిపోయింది" అనేసేను. మళ్ళీ ఫోన్ చేసేరు. "అది కాదురా, నే చెప్పేదేంటంటే..." "లైను సరిగ్గా లేదు బాబాయ్, ఏమీ వినపడట్లేదు" అని పెట్టేసేను. నిజానికి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వినపడింది.

ఆదివారం పొద్దున్న షామియానా కింద మళ్ళీ దగ్గరికొచ్చి నోరు తెరవబోయేరు. "మీరు పెద్దవారు, కుర్చీలో కూర్చుని అక్షింతలు వెయ్యండి చాలు. మిగతాదంతా నాకు వదిలెయ్యండి" అన్నాను, నలుగురూ వింటుండగా. ఆయన కండువా సర్దుకుని వెళ్ళి మూల కుర్చీలో కూర్చున్నారు. హమ్మయ్య, గెలిచేననుకున్నాను. సిగ్గులేని వెధవని!

రాజోలు నుంచి వ్యానులో మగపెళ్ళివారొచ్చేరు. తాంబూలాలు సుబ్బరంగా మార్చుకున్నారు. నేను మైకు పట్టుకున్నాను. "భోజనాలు రెడీ అండీ! ఎవరికి ఏం కావాలో వెళ్ళి వడ్డించుకోవచ్చండీ! మొహమాటం వద్దండీ!"

ఒక్కరు కదల్లేదు.

మగపెళ్ళివారు కుర్చీల్లో కూర్చుని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళు తినకుండా మావాళ్ళు ముట్టరు. ప్లేట్లు తళతళలాడుతున్నాయి, గిన్నెల కింద మంటలు వెలుగుతున్నాయి, తినే నాథుడు లేడు. వంటాయన వచ్చి "బాబూ, పనసపొట్టు కూర చల్లారిపోతోందండి" అన్నాడు. "పొద్దున్న టిఫిన్లు ఇంకా అరగలేదులే, ఆగు" అన్నాను. ఈలోగా వీడియో తీసే అతను మాత్రం లైటు పక్కన పెట్టి శుభ్రంగా తినేసేడు.

కాసేపటికి పెళ్ళికొడుకు తండ్రి లేచి, "ఇహ బయల్దేరతామండి" అన్నారు. నేను నవ్వుమొహంతో ఎదురెళ్ళేను. "అప్పుడే భోజనం అయిపోయిందా మావయ్యగారూ? ఎలా ఉన్నాయండీ వంటలు?"

"ఆయ్, బాగానే ఉన్నాయండి. చూసేం."

చూసేం! నా మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదేంటండీ, మైకులో చెప్పేను కదండీ..."

"ఆయ్, విన్నామండి. బస్టాండులో కూడా మైకులోనే చెప్తారు."

వెనకాల ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు. చెల్లి పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, వాళ్ళ అమ్మమ్మగారికి షుగరంట. నీరసంగా వాలిపోయేరు, చూడు" అంది. కళ్ళ నిండా నీళ్ళు. ఆ అబ్బాయంటే దానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఈ వ్యాను ఇలా కదిలిందంటే ఇంక ఆ సంబంధం మాటెత్తడానికి ఉండదు. నాకు భూమి చీలితే బాగుణ్ణనిపించింది.

అప్పటికే బాబాయిగారు మూల కుర్చీలోంచి లేచొచ్చేసేరు. వచ్చి పెళ్ళికొడుకు తండ్రి రెండు చేతులూ పట్టుకున్నారు. "బావగారూ, తప్పు మాది. పెద్దవాణ్ణయ్యుండి నేను పిలవకపోవడం నా తప్పు. దయచేసి భోజనాలకి రమ్మనండి అందర్నీ. అక్కయ్యగారూ, రండమ్మా. ఏమయ్యా అల్లుడూ, ఎక్కడికి? ముందు చెయ్యి కడుక్కో" అంటూ ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి, తనే ప్లేటు అందించి, చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చేరు. అమ్మమ్మగారికి కుర్చీ వేయించి, ముద్దపప్పు తనే వడ్డించేరు.

"అయ్యో, మీరింతగా అడగాలా అండీ!" అంటూ పెళ్ళికొడుకు తండ్రి ప్లేటు నింపుకున్నారు. నింపుకుని ఏమన్నారో తెలుసా? "ఈ బఫే ఏదో బాగుందండోయ్! నచ్చింది నచ్చినంత వేసుకోవచ్చు!"

వ్యాను నవ్వులతో వెళ్ళింది. చెల్లి మొహం తేటపడింది. నేను నెమ్మదిగా బాబాయిగారి దగ్గరికి చేరి, "అన్నిసార్లు ఏం చెప్పబోయేరు బాబాయ్?" అని అడిగేను.

"బఫే భేషుగ్గా ఉంటుందిరా, పెట్టు. కానీ మనవాళ్ళు పిలవందే లేవరు, మనిషి మనిషినీ వెళ్ళి పిలవడానికి నలుగుర్ని పెట్టు అని. నువ్వు 'అది కాదురా' దాటనిస్తేగా!"

ఆయన అసలు కాదనే లేదండీ! నా బఫేని మెచ్చుకోడానికొచ్చిన ఒక్క మనిషినీ కుర్చీలో కూర్చోబెట్టేసేను. సిగ్గుతో చచ్చిపోయేననుకోండి.

ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగూ భోజనాలకి కూర్చున్నారు. నాకు ఆకలి దంచేస్తోంది. ఖాళీ ప్లేటు పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాను. వేసుకోవచ్చు కదా? చెయ్యి వెళ్ళలేదండీ! ఇంత చేసేక ఏ మొహం పెట్టుకుని వేసుకోను? ఒక్కరైనా 'నువ్వూ రా' అంటారేమోనని అటూ ఇటూ చూస్తున్నాను.

బాబాయిగారు చూసేరు. "ఏరా, తినలేదేం?"

"ఎవరూ పిలవలేదు బాబాయ్" అన్నాను తలొంచుకుని.

ఆయన తాపీగా లేచి వెళ్ళి మైకు అందుకున్నారు. "ఒరేయ్ అబ్బాయ్, భోజనాలు రెడీ! నీకేం కావాలో వెళ్ళి వడ్డించుకోవచ్చు! మొహమాటం వద్దు!"

వీధి వీధంతా విన్నది.