రొయ్యల ట్యాంకులో బాప్తిస్మం

మా అన్న మారుమనసు కోసం నా పెళ్లికి ముందు నుంచీ ప్రార్థన చేశాను. ఆదివారం బైబిలు పట్టుకుని బయల్దేరితే, "ఏం మే, నా మీద చాడీలు చెప్పేదానికి పోతా ఉండావా?" అని నవ్వేవాడు. అలాంటివాడు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక, ఒక వేసవిలో పాస్టరుగారి చెయ్యి పట్టుకుని బాప్తిస్మం అడిగాడు.

మాది పులికాట్ సరస్సు మధ్య దీవి. మా సంఘంలో బాప్తిస్మం అంటే నిలువునా నీళ్లలో ముంచడమే, అదీ సరస్సులోనే. వేసవిలో సరస్సు దూరం జరిగిపోయి ఒడ్డంతా ఉప్పు పేరుకున్న బురదే మిగులుతుంది. అంత దూరం మోసుకెళితే అన్న ప్రాణం నిలిచేలా లేదు. దీవిలో మనిషి మునిగేన్ని నీళ్లున్నది రొయ్యల పరిశోధన కేంద్రంలోనే. సోలార్ పలకలు, టవరు, సిమెంటు ట్యాంకులు, వాటిలోకి దూరాన్నుంచి సముద్రపు నీళ్లు తెచ్చే పైపులు. అన్న అక్కడే కాపలా పని చేసేవాడు.

ఆ కేంద్రం చూసుకునే మేడమ్‌ను వెళ్లి అడిగాను. మా విశ్వాసం కాని మనిషి, నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఒక ట్యాంకు ఖాళీగా ఉంది. కడిగించి కొత్త నీళ్లు పెట్టిస్తా, ఆదివారం తీసుకురండి. వచ్చేవాళ్లంతా మాత్రం మందు నీళ్లలో కాళ్లు కడుక్కోవాలమ్మా, లేకపోతే రొయ్యలకు జబ్బులొస్తాయి."

అన్నకు చెబితే దగ్గుతూనే నవ్వాడు. "రొయ్యల కాడికి పోవాలన్నా కాళ్లు కడుక్కోవాల్నా! దేవుడే నయం మే, ఉన్నట్టుగా రమ్మన్నాడు."

సంఘపెద్దలు ఒప్పుకోలేదు.

"రొయ్యల తొట్లో బాప్తిస్మం ఏందమ్మా? రేపు చేపల బుట్ట మీద ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం పెడదామంటావు" అన్నాడు ఒక పెద్ద. "దేవుడు చేసిన నీళ్లుండాల. వానలు రానీ."

"ఆ పైపులో వచ్చేది సముద్రం నీళ్లే కదన్నా. సముద్రాన్ని ఎవురు చేసినారు?" అన్నాను.

వాళ్లు పాస్టరుగారి వైపు తిరిగారు. పాస్టరుగారు కొత్తగా వచ్చినవారు. పెద్దల మాట కాదనలేక, "ప్రార్థనలో కనిపెడదామమ్మా, దేవుడి చిత్తం తెలిసేదాకా ఆగుదాం" అన్నారు.

ఆదివారం మేడమ్ ఫోను చేసింది. "నీళ్లు నింపి ఉంచాం. వస్తున్నారా?"

"పెద్దలు ఇంకా ఒప్పుకోలేదమ్మా" అన్నాను.

ఆ వారమంతా ఆమె ఆ ట్యాంకులో రొయ్యపిల్లల్ని వదలకుండా ఆపింది. పాస్టరుగారి నుంచి ఏ కబురూ రాలేదు. తర్వాత వదలక తప్పలేదు, ఆమె పని ఆమెది.

వానలకు ముందే అన్న పోయాడు.

అన్న రక్షణ గురించి నాకు అనుమానం లేదు. సిలువ మీద పక్కనున్న దొంగను ఏ నీళ్లూ తాకకుండానే ప్రభువు చేర్చుకున్నాడు. పెద్దల మీద కోపం కూడా ప్రార్థనలో చాలావరకు కరిగింది. కరగనిది ఒకటుంది. మా దగ్గర, నీళ్లలోంచి లేచినవాళ్లకు తువ్వాలు అందించి తల తుడిచేది ఇంటి ఆడపడుచులే. ఎందరో వాళ్ల అన్నదమ్ములకు తుడుస్తుంటే ఒడ్డున నిలబడి చూశాను. పరలోకంలో అన్నను మళ్లీ చూస్తాను, ఆ నమ్మకం గట్టిది. కానీ అక్కడ ఆ పని ఉండదు.