కారణం: నీళ్ళు

పన్నెండేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక్క మాటంత. నీళ్ళు. మా ఫ్యాక్టరీ రిపేరు రిజిస్టరులో, కారణం అనే గడిలో, నా చేతిరాతతో తమిళంలో ఉంది ఆ మాట. సిరా ఇంకా వెలిసిపోలేదు. అది అబద్ధం.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం వెళ్ళే దారిలో మోటారు పంపులు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది, అందులో కంప్యూటర్లన్నీ నా చేతి కింద ఉన్నాయి, అంతవరకు చాలు. ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. నాకు పొగరు ఎక్కువ. పని వచ్చినవాడి పొగరు. వినయంగా ఉన్నట్టు నటిస్తూ ఈ కాగితం రాస్తే అది రెండో అబద్ధమవుతుంది.

మా దగ్గర ప్రతి మోటారునూ టెస్టింగు బెంచీ మీద పెట్టి తిప్పి చూస్తారు. బెంచీ పక్కనున్న కంప్యూటరు ఆ రీడింగును సర్వర్‌లోని డేటాబేసుకు పంపుతుంది. అది చేరాకే నంబరున్న స్టిక్కరు ప్రింటవుతుంది. స్టిక్కరు లేని మోటారు గేటు దాటదు. బెంచీకీ డేటాబేసుకూ మధ్య మాట తెగిపోతే షాపంతా చేతులు కట్టుకుని నా వైపు చూస్తుంది. ఆ చూపంటే నాకు ప్రాణం. ఎందుకు కాదనాలి?

నన్ను ఆ ఫ్యాక్టరీలో చేర్పించింది రుక్మిణక్క. మాకు దూరపు చుట్టం. మొదటి బెంచీ ఆమెది. మోటారు తిరిగే చప్పుడు విని, మీటరు చూడకముందే, బేరింగు పోయిందో లేదో చెప్పేది. చెవితో పని చేయడం నాకు నేర్పింది ఆమే. ఏటా ఆయుధ పూజ కూడా ఆమె చేతి మీదే జరిగేది. లేతు మిషను నుంచి తూకం మిషను దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, పసుపు నీళ్ళు చల్లి, హారతి ఇచ్చేది. ఆ రోజు మిషనన్నది తిరగకూడదు. అది మా వైపు ఎవరూ దాటని కట్టు.

పన్నెండేళ్ళ కిందటి సంగతి ఇది, సర్వర్ ఆ ఏడే కొత్తగా వచ్చింది. దానికి అదే మొదటి పూజ. దీన్నీ ఆపాలా అని రుక్మిణక్క ముందు రోజే నన్ను అడిగింది. ఆపు అక్కా, దానికీ ఒక రోజు సెలవు ఇద్దాం అని నేనే నవ్వుతూ చెప్పాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆమె అడిగింది. నేను ఒప్పుకున్నాను.

నేను ఒక పని మిగిల్చి ఉంచాను. ఆ నెట్‌వర్కంతా నేను కట్టిందే. రౌటరు అనే చిన్న పెట్టె ఉంటుంది. తనకు తగిలించిన ప్రతి మిషనుకూ అది ఒక నంబరు ఇస్తుంది, ఇంటికి డోరు నంబరు ఇచ్చినట్టు. ముందు లేచి అడిగినవాడికి ముందు నంబరు. సర్వర్ నంబరు మాత్రం ఎప్పటికీ మారకుండా కట్టేయాలి. ఎందుకంటే ఆరు బెంచీలూ ఆ నంబరునే వెతుక్కుంటూ వెళతాయి. కట్టేయడం ఐదు నిమిషాల పని. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని నెలలు గడిపాను. సర్వర్‌ను ఎవరూ ఆపరు కదా, నంబరు ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ఆయుధ పూజ ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి అలా ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

విజయదశమి పొద్దున అన్నీ ఆన్ చేశారు. మంచి గడియలో మొదటి లారీ గేటు దాటాలని మా ముదలాళికి, అదే మా యజమానికి, గట్టి పట్టుదల. లారీ ముందు నిమ్మకాయలు కూడా పెట్టేశారు. ఆరు బెంచీల మీదా ఒకటే మాట: కనెక్షను నిరాకరించబడింది.

ఆ తరువాతి నలభై నిమిషాల్లో నేను చేసిన పని గురించి కొంచెం గొప్పగా చెప్పుకోనివ్వండి. బెంచీ నుంచి సర్వర్ నంబరును పిలిచి చూశాను. జవాబు వచ్చింది. అంటే కేబులు మంచిదే, దారి మంచిదే. సర్వర్ ముందు కూర్చుని అక్కడి నుంచే డేటాబేసు తెరిచాను. చక్కగా తెరుచుకుంది. లోపల ఆరోగ్యం, బయటికి మాత్రం మూగ. ఇంకొకడైతే అన్నీ తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి పెట్టేవాడు. నేను పెట్టలేదు. నిరాకరించారంటే తలుపు దగ్గర ఎవరో ఉన్నారన్నమాట. ఎవరూ లేకపోతే ఆ మాటా రాదు. మరి జవాబిస్తున్నది ఎవరు? పిలుపును అలాగే నడవనిచ్చి, ఒక్కొక్క కేబులే పీకుతూ వెళ్ళాను. స్టిక్కరు ప్రింటరు కేబులు పీకగానే జవాబు ఆగిపోయింది. ప్రింటరు చిటికెలో లేస్తుంది, సర్వర్ నిదానంగా లేస్తుంది. సర్వర్ కళ్ళు తెరిచేలోపు ప్రింటరు వచ్చి దాని నంబరులో కూర్చుంది. ఆరు బెంచీలూ పోయి ప్రింటరును డేటాబేసు అడుగుతున్నాయి. నాకు నవ్వొచ్చింది. ఇంత అందంగా తప్పు దొరకడం అదృష్టం. ఆ తరువాతి క్షణంలో తెలిసింది, ఆ తప్పు నాదని.

నంబరు కట్టేశాను. బెంచీలు లేచాయి. మంచి గడియ మాత్రం దాటిపోయింది. సర్వర్ ఉన్న నా గదిలోకి ముదలాళి వచ్చేసరికి సర్వర్ డబ్బా మీద గంధం కారి ఎండి ఉంది, పసుపు నీళ్ళ చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. వెనకాల గుమ్మంలో రుక్మిణక్క నిలబడి ఉంది.

"మంచి గడియ పోయె. ఏమాయె, చెప్పప్పా," అన్నాడు ముదలాళి.

నేను నోరు తెరిచేలోపు రుక్మిణక్కే అడిగింది. నన్ను ఎప్పుడూ కణ్ణు, అంటే కన్నా, అనే పిలిచేది. "నేను నీళ్ళు చల్లితిని గదా కణ్ణు. దానివల్లనా?"

"నీళ్ళు తగిలితే మిషన్లు ఇట్లనే చేస్తాయక్కా," అన్నాను.

"సరి కణ్ణు. నా తప్పే. ఇంక చల్లను."

"ఇంకమీద మీరు మిషన్ల పక్కకు రావద్దమ్మా. పాకింగులో ఉండండి," అన్నాడు ముదలాళి.

అంతే. నీళ్ళు తగిలితే మిషన్లు పాడవుతాయన్నది నిజమే కదా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజమే. కానీ ఆ రోజు జరిగింది అది కాదు. ఆ మధ్యాహ్నమే రిజిస్టరులో నీళ్ళు అని రాశాను. ఎందుకు? నిజం చెబితే ఏం పోయేది? ముదలాళి ఒక అరుపు అరిచి, లారీ వెళ్ళాక మరిచిపోయేవాడు. ఉద్యోగం పోయేది కాదు. ఒక పూట ఆ చూపు పోయేది, షాపంతా నా వైపు చూసే చూపు. దాని కోసం, నాకు పని నేర్పిన మనిషి చెవిని అట్టపెట్టెల మధ్యకు పంపించాను. సిగ్గుగా ఉంది. ఈ మాట చెప్పడానికి పన్నెండేళ్ళు పట్టినందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

మరుసటి ఏడు నుంచి హారతి పళ్ళెం ముదలాళి కోడలు పడుతోంది. రుక్మిణక్క వాకిట్లో నిలబడి చూస్తుంది. పని మీద నా గదికి రావాల్సి వస్తే చేతిలోని నీళ్ళ సీసాను తలుపు బయట నేల మీద పెట్టి, తడి లేకపోయినా కొంగుతో చేతులు తుడుచుకుని, అప్పుడు లోపలికి వస్తుంది. ఆమె వెళ్ళేదాకా నేను కంప్యూటరు మీద నుంచి తల ఎత్తను.

కొత్తగా చేరినవాళ్ళకు ఆ ప్రింటరు కథను, ఏ రోజు జరిగిందో మాత్రం చెప్పకుండా, నేనే పాఠంగా చెబుతాను. జవాబు వచ్చి కనెక్షను రాకపోతే, జవాబిచ్చేది ఎవరో ముందు చూడండి అంటాను. వాళ్ళు నోరు తెరుచుకుని వింటారు. నంబరు కట్టేయడం ఎవరు మరిచారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

వచ్చే తై నెలలో, అంటే సంక్రాంతి నెలలో, రుక్మిణక్కకు రిటైర్మెంటు. ఈ ఆయుధ పూజ ఫ్యాక్టరీలో ఆమెకు ఆఖరిది. అందుకే ఈ రాత్రి ఫ్యాక్టరీలో, నా గదిలో, ఈ కాగితం ముందు కూర్చున్నాను. కూర్చుని, తెలుగులో మొదలుపెట్టాను. నేను చదివింది తమిళంలో. ఇంట్లో మాట్లాడే భాషకు అక్షరాలు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. దాన్నీ పదిమందిలో గొప్పగా చెప్పుకుంటాను. ఇంత దూరం రాశాక ఒకటి తట్టింది. మా ఫ్యాక్టరీలో తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడు మంది, చదవగలిగేవాళ్ళు నేను తప్ప లేరు. రుక్మిణక్కకు కూడా తెలుగు చదవడం రాదు. నేను ఒప్పుకుంటున్నానా, ఇంకోచోట దాక్కుంటున్నానా?

కాబట్టి ఇక్కడ ఆపి, లేచి, బీరువాలోంచి ఆ పాత రిజిస్టరు తీశాను. నీళ్ళు అన్న మాటను అడ్డంగా కొట్టేశాను. పక్కన తమిళంలో, పెద్ద అక్షరాలతో రాశాను. సర్వర్ నంబరు నేను కట్టలేదు. ఆపమన్నది నేనే. రుక్మిణక్క తప్పు లేదు. కింద సంతకం పెట్టాను. ఆ పేజీ తెరిచి ఉంచి, రిజిస్టరును ముదలాళి బల్ల మీద పెట్టి వచ్చాను. రేపు పొద్దున అందరూ చదువుతారు.

పూజ ఇంకా నాలుగు రోజులుంది. ఆమెకు పళ్ళెం ఇస్తారో లేదో, ఇచ్చినా పట్టుకుంటుందో లేదో నాకు తెలియదు. నా ముఖం చూస్తుందని కూడా నమ్మకం లేదు. చూడమని అడగను. రిజిస్టరులో నేను రాసిన వందల కారణాల్లో తప్పుడుది అదొక్కటే ఉండేది. ఇప్పుడు అదీ లేదు.