వసుంధర మేడం చివరి ఓటు

మొన్న యూనివర్సిటీ పరీక్షల విభాగంలో జవాబుపత్రాలు కవర్లలో పెట్టి అంటిస్తున్నాం. జిగురు డబ్బా మూత తీయగానే పులిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగిలింది. తార్నాకలో ఒక ఇంటి వెనక గది, అందులో కిటికీ పక్కన మంచం, మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న వసుంధర మేడం గుర్తొచ్చారు. ఆ గదిలో ఆ రోజు ఇదే వాసన. పక్కనున్న కొత్త లెక్చరర్ ఏమైందని అడిగితే ఏం లేదన్నాను. ఆ అమ్మాయి మేడాన్ని ఎన్నడూ చూడలేదు. మా డిపార్టుమెంటులో ఆవిడను ఎరిగినవాళ్ళం ఇప్పుడు ఇద్దరం ముగ్గురం మిగిలాం.

ఆవిడది అనంతపురం వైపు. భర్తకు ఇక్కడ ప్రభుత్వోద్యోగం కావడంతో హైదరాబాదు వచ్చి, మా క్యాంపస్‌లో చరిత్ర చెబుతూ తార్నాకలో ఇల్లు కట్టుకున్నారు. నేను జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, అడిక్‌మెట్‌లో ఇంకో ఇద్దరితో కలిసి గది తీసుకుని ఎం.ఏ. చదివినప్పుడు ఆవిడే మా టీచరు. మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. వ్యాసం బాగుంటే మరో పుస్తకం చేతికిచ్చేవారు, బాగాలేకపోతే అదే పుస్తకం మళ్ళీ చదవమనేవారు. కొత్త పుస్తకం కోసం మేం కిందా మీదా పడేవాళ్ళం.

తర్వాత నేను అదే డిపార్టుమెంటులో చేరాను. చేరిన ఏడాదే పేపర్లు దిద్దడానికి పిలిచారు. పైన పర్యవేక్షించేది మేడమే. హాల్‌టికెట్ నంబరున్న ముక్క చించేసి ఇస్తారు కాబట్టి ఏ పేపరు ఎవరిదో తెలియకూడదు. కానీ ఒక పేపరు తెరవగానే రాత గుర్తుపట్టేశాను. నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, నా యాసను అనుకరించి అందరినీ నవ్వించే పిల్లది. ఆ పేపరు పట్టుకుని మేడం దగ్గరికి వెళ్ళి, నాకు ఈ పిల్ల మీద కోపముంది, వేరేవాళ్ళకివ్వండి అన్నాను. నా నిజాయితీకి మురిసిపోతారనుకున్నాను. ఆవిడ తలెత్తకుండానే, "కోపం లేనోళ్ళు యాడ దొరుకుతారు నాకు? తెలిసిపోయింది గదా, ఇంక తెలియనట్టు ఉండేది నేర్చుకో. పో, దిద్దు" అన్నారు. దిద్దాను. ఆ పిల్లకు క్లాసులో అందరికంటే మంచి మార్కులొచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. అవే మార్కులు వేసి కట్టలో పెట్టాను.

మేడం రిటైరయ్యాక కూడా ఆ ఇంటికి రాకపోకలు తగ్గలేదు. అందరిలోకీ నేనంటే ఎక్కువ చనువు వాళ్ళబ్బాయి శ్రీధరన్నకు. ఎక్కువ తగువు కూడా ఆయనతోనే. ఆయన కాలేజీ రోజుల నుంచి ఒక పార్టీ మనిషి. ఏ పార్టీయో ఇక్కడ అనవసరం. నాకది గిట్టదు. ఆదివారం పూట వాళ్ళ హాల్లో ఇద్దరం గొంతులు పెద్దవి చేసి వాదించుకుంటుంటే వాళ్ళ ఆవిడ లత టీవీ శబ్దం పెంచేది. ఎన్నికలప్పుడు కార్యకర్తలు గేటు దాకా వచ్చి, ఈ ఇంటి ఓట్ల గురించి చూడనక్కర్లేదు, అన్నీ మనవే అనుకుంటూ వెళ్ళిపోయేవారు. మేడం లోపల నుంచి వింటూ ఊరుకునేవారు. పోలింగు రోజున మాత్రం కొడుకు కారెక్కకుండా, మధ్యాహ్నం ఒక్కరే గొడుగు వేసుకుని నడిచి వెళ్ళేవారు.

ఒకసారి దారిలో కలిసి తోడు నడిచాను. ఎవరికి వేస్తారని అడిగే ధైర్యం నాకు లేదు. కారులో వెళ్ళొచ్చు కదా, ఎండ అన్నాను అంతే. ఆవిడ గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. తర్వాత, "ఇంట్లో పూటకేం కూర చేయాలన్నా నలుగుర్ని అడిగి చేస్తాను. ఓటేసే ఆ అట్ట వెనకాల ఎవర్నీ అడగను. పోతూ వస్తూ గూడా ఎవరూ అడగకుంటే బాగుంటాది" అన్నారు. ఆవిడ భర్త మంచివారు, కొడుకూ మంచివాడే. ఆ ఇంట్లో ఎవరూ ఆవిడను పల్లెత్తు మాట అనగా నేను వినలేదు. అయినా ఆ మాట అన్నారు. అప్పటి నుంచి నేను పోలింగు రోజున ఆ వీధి వైపు వెళ్ళలేదు.

ఎనభై దాటాక మేడానికి పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, ఎడమ చేయి వణికేది, మాట ముద్దముద్దగా, అదుపు లేకుండా పెద్దగా వచ్చేది. ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో పెద్దవయసువాళ్ళు ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చని చెప్పారు. శ్రీధరన్న తనే తిరిగి దరఖాస్తు పెట్టించాడు. నేను కూడా సంతోషించాను. మంచం దిగలేని మనిషి దగ్గరికి ఓటే నడిచి రావడం చిన్న విషయం కాదు. అది వచ్చేది ఏ ఇంటికో, ఆ ఇంట్లో ఎవరెవరుంటారో మేమెవరమూ ఆలోచించలేదు.

ఆ రోజు క్లాసు అవగానే లత ఫోన్ చేసింది. వెంటనే రమ్మంది, గొంతులో ఇబ్బంది తెలుస్తోంది. ఆటోలో వెళ్ళేసరికి హాల్లో ఇద్దరు ఎన్నికల ఉద్యోగులు, వీడియో తీసే అబ్బాయి, ఒక కానిస్టేబులు కూర్చున్నారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు పెట్టినట్టు వాళ్ళ ముందు బిస్కెట్లు పెట్టారు, ఎవరూ ముట్టలేదు. చేతితో గుర్తు పెట్టలేనివారికి వాళ్ళు కోరుకున్న మనిషి సాయం చేయవచ్చట. శ్రీధరన్న కుర్చీ లాక్కుని కూర్చోబోతే మేడం వద్దన్నారట. సునీతను పిలవండి అన్నారట. సునీత అంటే నేను. లాలాగూడలో ఇంకా ఇళ్ళున్నాయని పెద్ద ఉద్యోగి వాచీ చూసుకుంటున్నాడు.

శ్రీధరన్న మొహం కందిపోయి ఉంది. నా ముందే అడిగాడు: "అమ్మా, మా పార్టీ పేరెత్తితేనే మండిపడ్తది సునీత. నీ ఓటు తీసుకపోయి ఆమె చేతిల పెడ్తవా?"

మేడం ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పారు. "నువ్వు నాకు ఏది మంచిదో అది చేస్తావు. సునీత అయితే నేను చెప్పింది చేస్తాది."

ఆయన హాల్లోకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. లత వంటింట్లో కుక్కరు కట్టేసింది. నేను ఇంకెవరికీ సహాయకురాలిగా ఉండలేదని, ఈ ఓటు ఎవరికో ఎవరికీ చెప్పనని రాసి ఉన్న కాగితం మీద సంతకం చేశాను. మంచం మీద అట్ట నిలబెట్టి ఉద్యోగులు గుమ్మం దగ్గరికి వెళ్ళి అటు తిరిగారు.

ఆవిడ చెవిలో చెప్పలేరు. చెబితే హాలంతా వినిపిస్తుంది. అందుకని బ్యాలెట్ కాగితం మీద ఎడమ చేతి వేలు పెట్టారు. ఆ వేలు వణికింది. రెండు పేర్ల మధ్య గీత మీద ఊగుతూ నిలిచింది. ఆ పేర్లు ఏవో చెప్పను. నాకు ఇష్టమైనట్టు అర్థం చేసుకోవడానికి చాలినంత వణుకు మాత్రం అందులో ఉంది. టిక్కు పెట్టేస్తే అడిగేవాళ్ళు లేరు. నేను పెన్ను పక్కన పెట్టి, ఏది మేడం అన్నట్టు ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నా చూపుడు వేలు పట్టుకుని, మెల్లగా లాగి, ఒక పేరు మీద పెట్టి, గోరు తెల్లబడేదాకా అదిమారు. వదల్లేదు. నేను రెండో చేత్తో పెన్ను తీసుకుని వంకరగా టిక్కు పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, తల ఊపి, అప్పుడు వదిలారు. కవరులో పెట్టి జిగురు రాసి అంటించాను. టీ తాగిపొమ్మన్నారు. క్లాసుందని అబద్ధమాడి వచ్చేశాను.

తర్వాతి వేసవిలో మేడం పోయారు. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక శ్రీధరన్న నన్ను గేటు దాకా సాగనంపాడు. గుండు మీద ఎండ పడుతుంటే చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "పార్టీ సంగతి కాదు సునీతా. గెలుసుడు ఓడుడు అయిపాయె. అమ్మ ఆఖరికి నాతోని ఉన్నదా లేదా, గంతే. నీకొక్కదానికే ఎరుక" అన్నాడు.

"ఎరుకే అన్నా. చెప్ప" అన్నాను.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఆ ఇంటికి నన్ను ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. తార్నాక సిగ్నల్ దగ్గర ఎదురుపడితే ఆయన తలాడించి వెళ్ళిపోతాడు. ఆ ఆదివారాలు, ఆ తగువులు లేకపోవడం నాకు చాలా వెలితి. అది ఆయనకు శుభవార్తే అయితే చెప్పేయవచ్చు కదా అని మా ఆయన అంటాడు. శుభవార్త అయినప్పుడే చెప్పేటట్టయితే, చెప్పకపోవడం కూడా చెప్పడమే అవుతుంది. అందుకని అది శ్రీధరన్నకా, నాకా, ఎవరికి సంతోషం కలిగించే పేరో ఆయనకే కాదు, మా ఆయనకూ తెలియనివ్వను. ఆ టిక్కు పెట్టినప్పుడు నా మనసు ఎలా ఉందని మా ఆయన ఒకసారి అడిగాడు. నేను లేచి గిన్నెలు కడుక్కున్నాను.