రెండోసారి అడగని మాస్టారు

నాకు రంగులు కలపడం నేర్పిన మాస్టారిది డెన్మార్క్. నేను నేర్చుకున్నది డెట్రాయిట్ పక్కనున్న నోవైలో. క్లాసులో అందరూ, బడిపిల్లలతో సహా, ఆయన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు. నాకు నోరు వచ్చేది కాదు. తండ్రి వయసున్న మనిషిని, అందులోనూ విద్య చెప్పేవాణ్ణి, పేరుపెట్టి ఎలా పిలుస్తాం? "సర్" అనేదాన్ని. "నాకు ఏ రాణీ సర్ బిరుదివ్వలేదు, అలా అనకు" అనేవారు. ఇంట్లో మాత్రం మాస్టారే. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే గానీ నాకు తెలుగులోనే గుర్తుంది కాబట్టి అలాగే రాస్తున్నాను.

మేము నోవై వచ్చింది 2003లో. మా ఆయనకి కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఉద్యోగం. నాది డిపెండెంట్ వీసా, పని చేయడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో బడిపిల్లలకు పాఠాలు చెప్పుకుని దర్జాగా బతికినదాన్ని, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను. "గిన్నెలతో మాట్లాడ్డం మొదలుపెట్టకముందే ఏదో ఒక క్లాస్‌లో జాయిన్ అవ్వు" అన్నారు మా ఆయన. కమ్యూనిటీ సెంటర్‌లో శనివారాలు పెయింటింగ్ నేర్పుతారని తెలిసి వెళ్ళాను.

మొదటి రోజు కిటికీ బయట కనిపించేది వెయ్యమన్నారు. ట్యూబులోంచి తెల్లరంగు పిండి కాగితం నిండా పులిమేశాను. మాస్టారు వచ్చి నిలబడి, "మంచు తెల్లగా ఉంటుందని నీకెవరు చెప్పారు?" అన్నారు. ఒళ్ళు మండింది. ఎవరో చెప్పేదేమిటి, కళ్ళు లేవా నాకు? ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయారు. ఎవరి బొమ్మ మీదా తన కుంచె పెట్టేవారు కాదు. చిన్నప్పుడు మా డ్రాయింగ్ టీచరు నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని దిద్దేసేది. ఈయన దిద్దరు, అలాగని వదలరు. క్లాసు అయ్యేసరికి ఆ మంచులో నీలం కనిపించింది, చెట్టు కింద వంగపండు రంగు కూడా కనిపించింది.

కుంచెలు కడిగే వేళ తన కథ ముక్కలు ముక్కలుగా చెప్పేవారు. ఆయనది చేపలు పట్టే ఊరు. పడవెక్కితే వాంతులు. అందుకని గట్టుమీదే ఉండి పడవలకి పేర్లు రాసేవారట. అక్కణ్ణించి బొమ్మలు, ఆర్ట్ స్కూలు, చివరికి డెట్రాయిట్. కార్ల కంపెనీలో ఇంకా తయారుకాని కార్ల బొమ్మలు వేయడం ఆయన పని. "పుట్టని కార్ల మీద పుట్టని ఎండ వేసేవాణ్ణి" అని నవ్వేవారు. కంప్యూటర్లు రాగానే ఇంటికి పంపేశారు. తరవాత ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు, రిటైరయ్యాక ఈ శనివారం క్లాసు. సొంతంగా వేసినవన్నీ మంచు కప్పిన పార్కింగ్ లాట్లు, గడ్డకట్టిన చెరువులు. అవి ఒక లైబ్రరీలోనూ పళ్ళ డాక్టరు దగ్గరా వేలాడుతుండేవి. పెద్ద పెయింటర్ కాలేకపోయానని ఆయన ఎప్పుడూ బాధపడగా నేను చూడలేదు. క్లాసు గురించి మాత్రం కూతుర్ని కాలేజీకి పంపే తండ్రిలా కంగారుపడేవారు.

ఇక కాఫీ సంగతి. క్లాసు మధ్యలో ఫ్లాస్కు తీసి "కాఫీ?" అనేవారు. మనం ఏమంటాం? "వద్దండీ, ఫర్వాలేదు" అంటాం. ఆయన "ఓకే" అని మూత బిగించేసేవారు! వేళ్ళు కొంకర్లు పోతుంటే, కాఫీ వాసన పీల్చుకుంటూ కూర్చునేదాన్ని. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, మా ఇళ్ళలో అమ్మ వద్దన్నా పెడుతుంది. విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తుంది. ఈయన ఇంత పిసినారేమిటని మా ఆయనతో చెప్పుకుని తిట్టుకున్నాను. ఆ చలికాలం సగం గడిచాక గానీ "ఎస్" అనడం రాలేదు. కాఫీకైతే నేర్చుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. నెమ్మదిగా నేనాయనకి కుడిచెయ్యి అయ్యాను. ఆయన కంటి ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు క్లాసంతా నేనే నడిపాను. మళ్ళీ పిల్లల ముందు నిలబడగానే నాలోకి ప్రాణం వచ్చినట్టయింది. ఈ గది నాదైతే ఎంత బావుండు అనుకున్నాను, పైకి మాత్రం అనలేదు. అప్పటికి మాకు గ్రీన్‌కార్డు కూడా వచ్చింది, అడ్డమేమీ లేదు.

2012 వసంతంలో ఒక శనివారం, అందరూ వెళ్ళాక, సింకు దగ్గర ఆయన అన్నారు: "నా చేతులు వణుకుతున్నాయి. ఈ వేసవితో ఆపేస్తాను. ఈ క్లాసు నువ్వు తీసుకుంటావా?"

గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం, "అయ్యో, నేనా? నావల్ల ఎక్కడవుతుంది సర్? నో, నో" అంది.

ఆయన ఒక క్షణం నావైపు చూసి "ఓకే" అన్నారు. కుంచెలు తుడవడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నెత్తి కొట్టుకున్నారు. "నో అని ఎందుకు చెప్పావే? నీకిష్టమే కదా?"

"అడగ్గానే సరే అంటే ఏం బావుంటుందండీ? ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నానని అనుకోరూ? మళ్ళీ అడుగుతారుగా, అప్పుడు చెప్తా."

"కాల్ చేసి చెప్పెయ్యి."

"మీకేం తెలీదు, ఊరుకోండి."

తరవాతి శనివారం అడగలేదు. ఆ పై శనివారమూ అడగలేదు. నేను కావాలని వెనక ఉండిపోయి, కడిగిన కుంచెలే మళ్ళీ కడిగేదాన్ని. ఆయన వాతావరణం గురించి మాట్లాడేవారు. ఆఖరి క్లాసు రోజున తనే కేక్ చేసి తెచ్చారు. అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చారు, నాక్కూడా. ఆ గదిని సెంటర్‌వాళ్ళు యోగా క్లాసుకిచ్చారు. ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. ఏదో మాటవరసకి అడిగారు, మనసులో లేదు అనుకున్నాను. రెండేళ్ళు చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

2014 శరదృతువులో ఆయన వృద్ధుల అపార్ట్‌మెంట్లకి మారారని తెలిసి వెళ్ళాను. చెయ్యి కప్పు పట్టలేకుండా ఉంది. ఆ చెయ్యి చూశాక బింకం పోయింది. "ఆ రోజు నాకు కావాలనే ఉంది సర్. మీరు మళ్ళీ అడుగుతారనుకున్నాను" అనేశాను. మొహమాటం అనే మాటకి ఇంగ్లీషు దొరకలేదు. మొదటిసారి వద్దనడం మర్యాద అనీ, రెండోసారి అడగడం ప్రేమ అనీ తంటాలుపడి చెప్పాను.

ఆయన మొహం తెల్లబోయింది. "మాలో ఒకసారి వద్దన్నవాళ్ళని మళ్ళీ అడిగితే, వాళ్ళ మాట నమ్మనట్టు. నీ మాట నమ్మాను. నీమీద గౌరవంతో ఊరుకున్నాను" అన్నారు.

నాలో పాత కోపం మళ్ళీ లేచింది. "నేను కాకపోతే ఇంకొకరిని అడగాల్సింది కదా సర్. కనీసం క్లాసు ఉండేది!"

"ఎవర్ని? నీ తరవాత ఎవరన్నది నేను ఆలోచించుకోలేదు. నువ్వు ఒప్పుకుంటావనే అనుకున్నాను" అన్నారు.

పార్కింగ్ లాట్‌లో కార్‌లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాకెంత ఆశ ఉండేదో ఆయనకీ అంతే ఉండేది. నేను ఒక్కసారి "ఎస్" అని ఉంటే సరిపోయేది.