మరియం రాని సోమవారాలు

రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను శామీర్‌పేట వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సూపర్‌వైజర్‌గా వేశారు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల పని చూడటం నా బాధ్యత. సోమవారం గర్భిణులకు పరీక్షలు. రానివాళ్ల పేర్లు వేరే జాబితాలో రాసుకుని, ఇంటికి వెళ్లి కారణం కనుక్కోవాలి.

ఆ జాబితాలో మరియం పేరు వరసగా రెండు సోమవారాలు కనిపించింది. సూడాన్ అమ్మాయి, భర్త దగ్గర్లోని కాలేజీలో చదువుతున్నాడు. ఏడో నెల. మొదటిసారి వచ్చినప్పుడే బీపీ ఎక్కువుంది. అలాంటప్పుడు పరీక్షలు తప్పితే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుంది.

కారణం గడిలో మా ఆశా కార్యకర్త యాదమ్మ "ఇష్టం లేదు" అని రాసింది. ఆమెను వెంటబెట్టుకుని మరియం ఇంటికి వెళ్లాను. మరియం వచ్చీరాని హిందీలో చెప్పింది: తను కూర్చోగానే పక్కవాళ్లు లేచిపోయారట. ఒంటి రంగు మీద ఎవరో మాటన్నారట, మా సిబ్బంది నవ్వారట.

బయటికొచ్చాక యాదమ్మ తల దించుకుంది. "నవ్వినోళ్లల్ల నేను గూడ ఉన్న మేడం."

అక్కడే "ఇష్టం లేదు" కొట్టేసి, "మన దగ్గర అవమానం జరిగింది" అని రాసి సంతకం పెట్టాను. యాదమ్మ మళ్లీ లోపలికి వెళ్లి మరియం చేతులు పట్టుకుంది. మర్నాడు మెడికల్ ఆఫీసర్ అది చదివి, అందరినీ పిలిచి ఒకటే అడిగారు: "ఆమె రాకపోతే బీపీ గోలీ ఎవరికిస్తాం?"

తర్వాతి సోమవారం మరియం వచ్చింది. పరీక్షలకు ముందు నేను చెప్పే ఆరోగ్య పాఠంలో, అవమానం కూడా మనిషిని ఆసుపత్రికి దూరం చేస్తుందని, ఆ దూరమే ప్రాణం తీయొచ్చని చెప్పాను. కోడలిని పరీక్షకు తీసుకొచ్చిన బాలమణమ్మ కూడా అక్కడే ఉంది. అవమానం జరిగిన రోజు మరియం పక్కనుంచి ముందుగా లేచిపోయింది ఆమే.

"మా కోడలికి గూడ గదే బీపీ," అంటూ జరిగి చోటిచ్చింది. "గీడ కూసో బిడ్డా. తప్పు నాదే."

ఆషాఢం వచ్చేసరికి మరియం గోరింటాకు కోన్ తెచ్చి బాలమణమ్మ అరచేతిలో తమ దేశపు పూలు వేస్తోంది. "ఈ వయసుల నాకెందుకే" అంటూనే ఆమె రెండో చెయ్యీ చాపింది. బీపీ చూడాలి, నవ్వులు ఆపమని నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సెప్టెంబర్‌లో పెద్దాసుపత్రిలో మరియంకు ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. యాదమ్మ సెంటరంతా జిలేబీ పంచింది.

గోరింటాకు పెట్టడం రాకపోయినా మరియంకు మా దగ్గర మర్యాద దక్కాల్సిందే. రోగి రాలేదని రాసేముందు, వచ్చిన రోజున మనమెలా చూశామో విచారించాలి. అదీ ఉద్యోగంలో భాగమేనని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.